గుంటూరు ఎండలో మజ్జిగ గ్లాసులు, నా చదువు

హాయ్ అండి, అందరికీ నమస్తే. ప్రస్తుతం గుంటూరులో ఉన్నాను, బ్రాడీపేటలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో. సెమిస్టర్ అయిపోయింది, ఇక్కడ ఎండలు మాత్రం అయిపోలేదు. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే కాస్త సర్దుకోండి, అది ఆపితే నేను మాట్లాడలేను.

ఇంటికి ఎవరొచ్చినా అదే ప్రశ్న: "అమెరికాలో ఏం చదువుతున్నావమ్మా?" ఫ్యామిలీ అండ్ చైల్డ్ సైన్సెస్ అంటాను. కాసేపు ఆగి, "అంటే కంప్యూటర్సేగా?" అంటారు. మా పెద్దమ్మ అయితే మొహమాటం లేకుండా అడిగేసింది: "పిల్లల్ని పెంచడానికి డిగ్రీ ఏంటే? నేను ముగ్గుర్ని పెంచలా?" పెంచింది, బాగానే పెంచింది. అందుకే ఈ వీడియో ఆవిడ కోసమే అనుకోండి.

సబ్జెక్టులు గబగబా చెప్పేస్తాను. పిల్లల ఎదుగుదల, భార్యాభర్తల సంబంధాలు, పేరెంటింగ్, కుటుంబాలకి సంబంధించిన చట్టాలు, డబ్బు వ్యవహారాలు, రీసెర్చ్ పద్ధతులు. లెక్కలు తప్పుతాయని ఇందులో చేరేవాళ్ళుంటారు. తప్పవు, స్టాటిస్టిక్స్ ఉంటుంది.

అసలు సంగతి అబ్జర్వేషన్ క్లాసులో ఉంది. ప్రీస్కూల్ గదికి ఒకవైపు నుంచే కనిపించే అద్దం ఉంటుంది. దాని వెనక కూర్చుని ఒక్క పిల్లాణ్ణే చూస్తూ రాయాలి. "బాబుకి కోపం వచ్చింది" అని రాస్తే మార్కులు పోతాయి. "ఎర్ర లారీని రెండు చేతుల్తో పట్టుకున్నాడు, పక్కవాడు చెయ్యి చాపగానే గోడవైపు తిరిగి కూర్చున్నాడు" అని రాయాలి. అది కోపమా, భయమా, లారీ మీద ప్రేమా అన్నది తర్వాత ఆలోచిస్తాం. మన ఇళ్ళల్లో చూడండి, పిల్లాడు గుమ్మంలో అడుగుపెట్టగానే "వీడు మొండివాడు, వాళ్ళ తాత పోలిక" అని తీర్పు వచ్చేస్తుంది. పాపం ఆ తాతగారు ఏం చేశారో ఎవరికీ గుర్తుండదు.

సరే, ఇప్పుడు వంటింట్లోకి వెళ్దాం. మా అక్క కొడుక్కి ఐదేళ్ళు. ఒకేలాంటి రెండు గాజు గ్లాసుల్లో సమానంగా మజ్జిగ పోశాను. "రెండూ ఒకటేనా?" అంటే వంగి, కళ్ళు గ్లాసు ఎత్తుకి తెచ్చి చూసి "ఒకటే పిన్నీ" అన్నాడు. వాడి ముందే ఒక గ్లాసులోది సన్నటి పొడుగు గ్లాసులోకి వంచాను. "ఇప్పుడు?" "ఇందులో ఎక్కువుంది!" అని పొడుగు గ్లాసు లాక్కున్నాడు. మా పెదనాన్న నమ్మలేదు, "మళ్ళీ పొయ్యమ్మా" అన్నారు. తిరిగి పాత గ్లాసులో పోస్తే ఒకటే అన్నాడు, పొడుగు దాంట్లో పోస్తే మళ్ళీ ఎక్కువే. ఇది పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం. సుమారు ఏడేళ్ళు వచ్చేదాకా చాలామంది పిల్లలు కంటికి కనిపించే ఎత్తునే నమ్ముతారు. మన అమ్మలకి ఇది ఎప్పటి నుంచో తెలుసు. ఒక్క ఇడ్లీని నాలుగు ముక్కలు చేసి "చూశావా, నీకే ఎక్కువ" అనని ఇల్లుందా?

కానీ కథ అక్కడితో అయిపోలేదు. 1970ల్లో స్కాట్లాండ్‌లో మనస్తత్వవేత్త మార్గరెట్ డొనాల్డ్‌సన్, ఆవిడతో పనిచేసినవాళ్ళు ఇలాంటి పరీక్షనే, వస్తువుల్ని రెండు సమానమైన వరసల్లో పేర్చి, కాస్త మార్చి చూశారు. పెద్దవాళ్ళు కావాలని వస్తువుల్ని జరిపి అదే ప్రశ్న రెండోసారి అడిగితే, "జవాబు మార్చమంటున్నారేమో" అని పిల్లలు అనుకుంటారన్నది వాళ్ళ అనుమానం. అందుకని ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరసల్ని చెదరగొట్టినట్టు చేశారు. అప్పుడు సరిగ్గా చెప్పిన పిల్లలు చాలా ఎక్కువయ్యారు. పెద్దమ్మ ఇది విని, "అయితే తెలివితక్కువ మీ ప్రశ్నలో ఉందన్నమాట" అంది. మా క్లాసులో దీన్ని చెప్పడానికి గంటన్నర పట్టింది.

ఇక్కడిదాకా సరదా. ఒక్క చోట మాత్రం నేను పెద్దవాళ్ళతో వాదిస్తాను. "మగపిల్లలు లేటుగానే మాట్లాడతారు, వాళ్ళ నాన్న కూడా అంతే." రెండేళ్ళు నిండేసరికి "అమ్మ దా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలపాలి. కలపకపోతే ముందు వినికిడి పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకంలో ఇలాంటివి కనిపెట్టడం కూడా ఒక భాగం, మీ అంగన్‌వాడీలో అడగండి. పిల్లాడికేమీ లేదని తేలితే ఇంకా మంచిది, పోయేదేముంది?

ఇంటర్ అయిన చెల్లెళ్ళకి ఒక మాట. దీనికోసం విమానమే ఎక్కనక్కర్లేదు. ఇక్కడే గుంటూరు దగ్గర లాంలో ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, వాళ్ళ దగ్గర కమ్యూనిటీ సైన్స్ అని నాలుగేళ్ళ డిగ్రీ ఉంది. మన అమ్మల కాలంలో హోమ్ సైన్స్ అనేవారే, అదే. పోషకాహారం, బట్టల శాస్త్రంతో పాటు పిల్లల ఎదుగుదల, కుటుంబ అధ్యయనం కూడా అందులోనే. "వంటల కోర్సు" అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. అంగన్వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకంలో సూపర్‌వైజర్ ఉద్యోగాలకి ఆ చదువు పనికొస్తుంది.

అమెరికా రావాలనుకుంటే మాత్రం ముందే లెక్క చూసుకోండి. ఈ డిగ్రీ ఒక్కటే ఉంటే ఫ్యామిలీ థెరపిస్టు అయిపోరు. దానికి మాస్టర్స్, ఆపైన రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి. ఇంకొకటి, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో లేకపోతే చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడ పనిచేసుకునే అనుమతి, 12 నెలలే, ఆ తర్వాతి 24 నెలల పొడిగింపు రాదు. ఒకేలాంటి పేరున్న కోర్సులు కూడా ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో కోడ్ కింద ఉంటాయి, దాన్నే సీఐపీ కోడ్ అంటారు, కోర్సు స్టెమ్ అవునో కాదో దాన్నిబట్టే. కన్సల్టెన్సీ వాళ్ళ మాట మీద వెళ్ళకుండా, ఫీజు కట్టకముందే అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ పెట్టి ఆ సీఐపీ కోడ్ ఏంటో రాయించుకోండి.