పేగుల జబ్బు, డిజేబిలిటీ దరఖాస్తు: డాక్టరుకు చెప్పవలసిన మాటలు

అందరికీ నమస్కారం.

నలుగురిలో ఎవరూ ఎత్తని విషయం గురించి ఈరోజు మాట్లాడతాను. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ రెండూ పేగుల్లో వాపు, పుండ్లు తెచ్చే దీర్ఘవ్యాధులు. కొన్నాళ్లు అణిగి ఉంటాయి, మళ్లీ తిరగబెడతాయి. వీటివల్ల ఉద్యోగం చేయలేకపోతున్న మనిషికి ఇక్కడ అమెరికాలో సోషల్ సెక్యూరిటీ డిజేబిలిటీ, అంటే పని చేయలేనివారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే భృతి, వస్తుందా అని చాలామంది అడుగుతుంటారు. వస్తుంది. అయితే జబ్బు పేరు చూసి ఇవ్వరు.

మన తెలుగు రాష్ట్రాల్లో సదరం శిబిరంలో శాతం వేసి సర్టిఫికెట్ ఇస్తారు. ఇండియాలోని 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఈ పేగుల జబ్బులు అసలు లేవు. ఇక్కడ అమెరికాలో శాతాలు ఉండవు, సగం వైకల్యానికి సగం డబ్బూ ఉండదు. ఏ పనీ చేసి తగినంత సంపాదించలేని స్థితి కనీసం 12 నెలలు ఉండాలి, లేదా ఉంటుందని వైద్యపరంగా తేలాలి. ఆ సంపాదనకు 2025లో గీసిన గీత నెలకు 1,620 డాలర్లు.

దానికి ముందు మరో గడప ఉంది. జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టి ఉండాలి. అలా పన్ను కట్టిన సంపాదనకు లెక్కగట్టే పాయింట్లను క్రెడిట్లు అంటారు. సాధారణంగా 40 క్రెడిట్లు కావాలి, వాటిలో 20 చివరి పదేళ్లలో వచ్చినవై ఉండాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు. చిన్న వయసువాళ్లకు తక్కువ సరిపోతాయి. ఇండియాలో చేసిన సర్వీసు ఇందులో కలవదు, రెండు దేశాల మధ్య అలాంటి ఒప్పందం లేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక: ఉద్యోగం మానితే వీసాకే ముప్పు. రాజీనామా కాగితం ఇచ్చేముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.

ఇక వైద్యం సంగతి. సోషల్ సెక్యూరిటీ వాళ్ల జబ్బుల పట్టికలో 5.06 అనే అంశం ఈ వ్యాధుల గురించే. ఎండోస్కోపీ, బయాప్సీ, స్కాన్ లేదా ఆపరేషన్‌లో జబ్బు రుజువై ఉండాలి. ఆ తర్వాత తీవ్రతకు కొలతలు ఉన్నాయి. హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువ, రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ 3 లేదా అంతకంటే తక్కువ, మలద్వారం దగ్గర చీము కారే గడ్డ లేదా ఫిస్టులా (లోపలి నుంచి చర్మం దాకా ఏర్పడే రంధ్రం) వంటివి. ఒకటి ఉంటే చాలదు, రెండు కావాలి. రక్తంలో తగ్గుదల కనీసం రెండు పరీక్షల్లో కనిపించాలి, వాటి మధ్య కనీసం 60 రోజుల ఎడం ఉండాలి. ఆసుపత్రిలో చేరిన వారంలో మూడుసార్లు రక్తం తీసినా అది ఒక్కసారి కిందే లెక్క. అందుకే ఇంటికి వచ్చాక పరీక్షలు మానేయవద్దు. ఇంకో మాట, ఆపరేషన్ చేసి పొట్టమీద మలం చేరే సంచి పెట్టినంత మాత్రాన డిజేబిలిటీ రాదు. సంచి సరిగా పనిచేస్తూ ఒంటికి పోషణ అందుతుంటే పని చేయగలరనే వాళ్లు అనుకుంటారు.

ఈ కొలతలకు అందని వాళ్లకు కూడా దారి ఉంది. మీరు రోజంతా ఏమి చేయగలరు, ఎంతసేపు చేయగలరు అన్నది చూస్తారు. నా అనుభవంలో మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, సిగ్గు వల్ల.

డాక్టరు "ఎలా ఉన్నారు" అంటే "పరవాలేదండీ" అంటాం. మర్యాదగా అన్న ఆ మాటను ఆయన "రోగి బాగానే ఉన్నారు" అని రాసుకుంటారు. మన ఫైలు చూసి నిర్ణయించే అధికారి సాధారణంగా మన ముఖం చూడరు. ఆయన ముందున్నది ఆ ఒక్క వాక్యమే. రాత్రి నాలుగుసార్లు లేచిన సంగతి, కారులో మార్చుకునే బట్టలు పెట్టుకున్న సంగతి, మీటింగు మధ్యలో పరుగెత్తిన సంగతి ఎక్కడా ఉండవు. ఆడపిల్లలైతే పక్కన అత్తగారో నాన్నగారో ఉంటే నోరే విప్పరు. దయచేసి డాక్టరు గదిలోకి ఒంటరిగా వెళ్లండి.

రోజువారీ జీవితం గురించి నింపే ఫారం ఒకటి పంపుతారు. అందులో "తరచూ బాత్రూముకు వెళ్లాలి" అని రాస్తే అది ఎవరికైనా వర్తిస్తుంది. ఇలా రాయండి: "జబ్బు తిరగబెట్టిన రోజుల్లో పగలు తొమ్మిది, పదిసార్లు వెళ్తాను. ప్రతిసారీ 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. వెళ్లాలనిపించాక రెండు నిమిషాలు కూడా ఆపుకోలేను. నెలలో ఇలాంటి రోజులు పది దాకా ఉంటాయి." అంకెలు మీవి కావాలి, నిజమైనవి కావాలి. పెంచి రాస్తే డాక్టరు నోట్సుతో పొసగదు, అప్పుడు నిజం చెప్పిన మాటలకు కూడా విలువ పోతుంది. ఫోనులోనో క్యాలెండరు మీదో రోజూ రాసుకుని, ఆ కాగితం ప్రతి అపాయింట్‌మెంటుకూ తీసుకెళ్లి ఫైలులో పెట్టమనండి.

దరఖాస్తు తిరస్కరించాక జడ్జి ముందు జరిగే విచారణలో ఈ అంకెల బలం తెలుస్తుంది. జడ్జి పక్కన ఉద్యోగాల నిపుణుడు ఉంటారు. చెప్పకుండా ఇన్నిసార్లు కుర్చీ వదిలి వెళ్లే మనిషిని, నెలకు ఇన్ని రోజులు రాలేని మనిషిని ఏ యజమాని ఉంచుకుంటాడని జడ్జి ఆయనను అడుగుతారు. కూర్చుని చేసే కంప్యూటర్ ఉద్యోగమే కదా అన్న వాదనకు జవాబు అక్కడే దొరుకుతుంది.

మొదటి దరఖాస్తును తిరస్కరిస్తే కుంగిపోవద్దు, అలా జరగడం మామూలే. ఉత్తరం అందిన 60 రోజుల్లో పునఃపరిశీలన కోరాలి. అదీ కాదంటే మళ్లీ 60 రోజుల్లో జడ్జి ముందు విచారణ అడగాలి. కోపంతో ఆ ఉత్తరాన్ని పక్కన పడేసి ఏడాది తర్వాత కొత్తగా దరఖాస్తు చేస్తే, వెనకటి నెలల డబ్బు పోవచ్చు. లాయరుకు ముందుగా ఫీజు ఇవ్వనక్కర్లేదు. మామూలు ఒప్పందంలో గెలిస్తేనే మీకు రావలసిన వెనకటి బకాయిలో 25 శాతం, అదీ ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితికి లోబడి తీసుకుంటారు.

తిరస్కరణ ఉత్తరాలు తెచ్చుకున్నవాళ్లు ముందు వరుసలోకి రండి. వాటి మీది తేదీలు ముందుగా చూద్దాం.