సంతకం పక్కన డిగ్రీ

అందరికీ నమస్కారం.

"మేధావి" అని గౌరవంగా అంటాం. "అబ్బో, బయల్దేరాడండీ మేధావి!" అని కూడా అంటాం. ఫ్రాన్సులో ఆ మాట జనంలోకి వచ్చిన రోజుల్లోనే వెటకారమూ దానితో పాటే వచ్చింది.

1898 జనవరి 13న ఫ్రెంచి నవలాకారుడు ఎమిల్ జోలా ఒక పారిస్ పత్రికలో దేశాధ్యక్షుడికి బహిరంగ లేఖ రాశాడు. గూఢచారి అన్న తప్పుడు ఆరోపణతో శిక్షపడ్డ డ్రేఫస్ అనే యూదు సైనికాధికారి కోసం. మర్నాడే, కేసు తిరగదోడాలంటూ రచయితలు, ప్రొఫెసర్లు చేసిన సంతకాలు అచ్చయ్యాయి. డ్రేఫస్ వ్యతిరేకి అయిన రచయిత మోరిస్ బారెస్ వాళ్లను "మేధావులు" అని ఎద్దేవా చేశాడు. వాళ్లు ఆ మాటనే తమ పేరు చేసుకున్నారు.

నాకు ఆ లేఖ కన్నా ఆ సంతకాల మీదే ఆసక్తి. చాలామంది పేరు పక్కన డిగ్రీ, ఉద్యోగం కూడా వేసుకున్నారు. నిజం ఎవరు చెప్పినా నిజమే కదా, మధ్యలో డిగ్రీ దేనికి? ఆలోచనల చరిత్రకారుడు సంతకాల పైనున్న వాక్యం చదువుతాడు. న్యాయం అన్న మాటకు ఆ రోజు ఏం అర్థం, అది ఎవరికి జవాబు అని అడుగుతాడు. సమాజశాస్త్రవేత్త డిగ్రీ చదువుతాడు. సామాజిక చరిత్రకారుడు క్రిస్టోఫ్ షార్ల్ 1990లో వచ్చిన తన పుస్తకంలో చేసింది అదే. పేరు స్థిరపడిన ఫ్రెంచి అకాడెమీ (అక్కడి పెద్ద సాహిత్య సంస్థ) సభ్యుల్లో చాలామంది డ్రేఫస్‌కు ఎదురు నిలిచారు, కొత్తతరం కవుల్లో చాలామంది ఆయన వైపు నిలిచారు.

అక్కడితో ఆగితే మాత్రం చిక్కే. మనిషి కుర్చీని బట్టే మాట్లాడతాడంటే, జోలా సంగతేమిటి? పేరూ డబ్బూ ఉన్నవాడు, ఆ లేఖ వల్ల శిక్షపడి ఇంగ్లండు పారిపోయాడు. "అకాడెమీ ఆయన్ని ఎన్నోసార్లు కాదంది కదా!" అని సమాజశాస్త్రవేత్త గొణుగుతాడు. నిజమే. కానీ జోలా వాదనకు అంత పదును ఎలా వచ్చిందో ఆ తిరస్కారం చెప్పదు. అది తెలియాలంటే లేఖ చదవాల్సిందే.

మేధావులు ఏ వర్గానికీ గట్టిగా అంటుకోరు, అందుకే అన్ని వైపులా చూడగలరని సమాజశాస్త్రవేత్త కార్ల్ మన్‌హైమ్ 1929లో రాశాడు. 1933లో నాజీలు రాగానే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన ఉద్యోగం పోయింది, లండన్ చేరాడు. అదే కాలంలో ఇటలీ మార్క్సిస్టు నాయకుడు గ్రాంషీ జైల్లో ఇంకోలా రాసుకున్నాడు: మనుషులంతా మేధావులే, కానీ సమాజం ఆ పని కొందరికే అప్పగిస్తుందని. నన్నడిగితే గ్రాంషీ మాటే ఎక్కువ నిలుస్తుంది. జైల్లో రాశాడని కాదు సుమా, ఆ వాదన బలం వల్ల.

ఈ సభ ఆహ్వానంలో నా పేరు పక్కన కూడా డిగ్రీ వేశారు. ప్రూఫు నాకు చూపించారు. నేను కొట్టేయలేదు.