ట్రైనింగ్ ఇచ్చాం కదా, ఇంకేం కావాలి?

ఒక మాట నన్ను చాలా కాలంగా గిల్లుతోంది. హెచ్‌ఐవీ నివారణలో పనిచేసే గే, ట్రాన్స్‌జెండర్ సంఘాల ప్రస్తావన రాగానే ఎవరో ఒకరు అంటారు: "వాళ్లకు ట్రైనింగ్ ఇచ్చాం కదండీ, ఇంకేం కావాలి?" హోటల్లో హాలు, మూడు రోజుల క్లాసులు, సంచీలో పెన్నూ నోటుపుస్తకం, చివర గ్రూపు ఫోటో. సంఘం సామర్థ్యం పెరిగిందని రిపోర్టు వెళ్లిపోతుంది.

హెచ్‌ఐవీ ఎలా సోకుతుంది, మందులు ఎలా పనిచేస్తాయి అన్నవి మీకు తెలుసు, వదిలేస్తున్నాను. వంట సంగతి మాట్లాడుకుందాం.

మీ వీధిలో చేయి తిరిగిన ఒక వంటావిడ ఉంది. ఆవిడకు పెళ్లి వంట అప్పగించారు, అయిదువందల విస్తళ్లు. ఇప్పుడు ఆవిడకు వంకాయలు తరగడం నేర్పుతారా? గుండిగలు కావాలి, గాడిపొయ్యి తవ్వాలి, సరుకుల పద్దు రాసే మనిషి కావాలి, వడ్డనకు పదిమంది ఉండాలి. అన్నిటికంటే ముందు చేతిలో అడ్వాన్సు పడాలి. వంటంటారా, అది ఆవిడకు వచ్చు. రానిది మనకే.

[తెర మీద: నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) 2017 అంచనాలు, సెంటినెల్ (ఎంపిక చేసిన కేంద్రాల్లో చేసే) సర్వే. దేశంలో వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.22 శాతం. పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషుల్లో సుమారు 2.7, హిజ్రా, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్లో సుమారు 3.1 శాతం.]

అంటే పదిరెట్లకు పైనే. అందుకే నాకో ఈ వర్గాల కోసం టార్గెటెడ్ ఇంటర్వెన్షన్లు, అంటే ఆ వర్గాల దగ్గరకే వెళ్లి చేసే నివారణ కార్యక్రమాలు, నడుపుతుంది. ఫీల్డులో అందరూ టీఐ అంటారు. టీఐకి ప్రాణం పీర్ ఎడ్యుకేటర్, అంటే కమ్యూనిటీలోని మనిషే. సాయంత్రం ఏ పార్కులో ఎవరు కలుస్తారో అతనికి తెలుసు. ఏ హిజ్రా ఇంట్లో గురువు సరే అంటే తప్ప చేలాలు, అంటే శిష్యులు, హెచ్‌ఐవీ పరీక్షకు రారో ఆమెకు తెలుసు. పెళ్లయి పిల్లలున్న మగవాడు, తాను గే అని తనకు తానే ఒప్పుకోనివాడు, డాక్టరు దగ్గర మింగేసిన మాట వీళ్ల దగ్గర చెబుతాడు. ఇది ఏ హోటలు హాల్లో నేర్పుతారు?

కానీ చాలాచోట్ల జరిగిందేమిటి? పెళ్లి కాంట్రాక్టు పెద్ద సంస్థకు, గరిటె మాత్రం మన వంటావిడకు. మెనూ వాళ్లది, డబ్బు వాళ్లది, మేనేజరు కుర్చీ వాళ్లది. ఈవిడకు నెలకింత అని చేతిలో పెట్టి, ఎన్ని కండోములు పంచావు, ఎంతమందిని కలిశావు అని రిజిస్టరు నింపమంటారు.

"మరి వాళ్లే సంఘం పెట్టుకుని నడుపుకోవచ్చుగా" అంటారు. ఇక్కడే నాకు కోపం వస్తుంది. సొసైటీ రిజిస్టరు చేయాలంటే కనీసం ఏడుగురు పేరు, చిరునామా రాసి సంతకం పెట్టాలి. ఇంట్లోవాళ్లకే చెప్పుకోలేని మనిషి ఆ కాగితం మీద సంతకం ఎలా పెడతాడు? పైగా పురుషుల మధ్య సెక్స్‌ను నేరంగా చూసే సెక్షన్ 377 ఉండేది. 2001లో లక్నోలో హెచ్‌ఐవీ అవగాహన పనిచేస్తున్న నలుగురిని పోలీసులు పట్టుకెళితే, వాళ్లు నెలన్నరకు పైగా జైల్లో ఉన్నారు. వంట చేసినందుకు జైలన్నమాట! 2009లో ఢిల్లీ హైకోర్టు ఊరట ఇచ్చింది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని తీసేసింది, 2018 సెప్టెంబరు 6న గాని ఆ భయం చట్టపరంగా తొలగలేదు. ఇన్నేళ్లు పొయ్యి వెలిగించనివ్వకుండా, ఇప్పుడు అనుభవం లేదనడం ఏం న్యాయం?

ఆ ఏళ్ల మధ్యలోనే, 2010లో, గ్లోబల్ ఫండ్ (ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై పోరుకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి) డబ్బుతో పెహచాన్ అనే కార్యక్రమం మొదలైంది. 17 రాష్ట్రాల్లో 200 కమ్యూనిటీ సంఘాలను నిలబెట్టాలన్నది లక్ష్యం. అది గుండిగల సంగతి కూడా పట్టించుకుంది: రిజిస్ట్రేషన్, పాలకవర్గం, లెక్కలు, పోలీసులు పట్టుకుంటే ఏం చేయాలి, ఇవన్నీ అందులో భాగమే.

లెక్కల దగ్గర కాస్త ఆగుదాం. "వాళ్లకు లెక్కలు రావు" అనేది ఇంకో ఫిర్యాదు. ఎనిమిదో తరగతిలో తోటి పిల్లల వెక్కిరింతలు భరించలేక బడి మానేసిన ట్రాన్స్ మహిళ చేతిలో ఇంగ్లీషు ఫారాలు పెట్టి, ఓచర్లు సరిగా లేవంటారు. ఫారాన్ని తెలుగులో, రెండు పేజీల్లో పెడదామని ఒక్కరికీ తోచదు. సామర్థ్యం పెరగాల్సింది ఫారాలు తయారుచేసేవాళ్లకు కూడా అని నా గట్టి అభిప్రాయం. ఈలోగా ఒక అకౌంటెంటును పెట్టుకోవడానికి జీతం ఇవ్వండి. పెళ్లి వంటావిడే పద్దు రాయాలని ఎవరూ అనరుగా.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఒకటి, రెండో వరుస నాయకత్వం. సంఘం మొత్తం ఒకే మనిషి ఫోనులో ఉంటే, ఆ మనిషి ఊరు మారిన రోజు సంఘం లేదు. రెండు, డబ్బు దారి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం ఆ డబ్బు తీసుకున్న సంస్థ మరో సంస్థకు పంచకూడదు. పెద్ద సంస్థల ద్వారా చిన్న సంఘాలకు అందే దారి మూసుకుపోయింది. పరిపాలనా ఖర్చు పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి దిగింది. ఇందాక అడిగిన అకౌంటెంటు జీతం ఆ 20లోనే రావాలి.

మూడు, ఒకే దాత మీద ఆధారపడటం. 2021లో హైదరాబాద్‌లో మిత్ర్ క్లినిక్ తెరిచారు. డాక్టరు మొదలు కౌన్సెలరు దాకా ట్రాన్స్ వ్యక్తులే ముందుండి నడిపారు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం తన విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నిధులు ఆపేసింది, క్లినిక్ మూతపడింది. అన్నం సగం ఉడికాక కట్టెలు లాగేసినట్టు. ఆ తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ అనే కొత్త పేరుతో మళ్లీ తెరుచుకుంది. వంటవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ప్రెప్ (హెచ్‌ఐవీ సోకకుండా ముందే తీసుకునే మందు), స్వీయ పరీక్ష కిట్ల సంగతి వచ్చే వీడియోలో.