ముందు బండ, తర్వాత బండి

అందరికీ నమస్కారం.

పెద్ద కార్లకు వీల్ అలైన్‌మెంట్ చేయడం నా బతుకుతెరువు. సాయంత్రం షెడ్డు మూశాక ఈ చిన్న రిమోట్ కారు పని పడతాను. అసలు కారులో పదో వంతు, వెడల్పు 190 మిల్లీమీటర్లు, మోటారు బలం నాలుగు చక్రాలకూ పోతుంది. దీన్ని టూరింగ్ కారు అంటారు. రిమోట్ చేతిలో చూస్తే మా వీధి పెద్దాయన ఒకరు "ఏమప్పా, పిల్లోళ్ల బొమ్మతో ఆటలా?" అంటాడు. ఆటే, కాదనను.

నన్ను పిలిచిన కుర్రాళ్లు "మంచి సెటప్ షీట్ ఒకటి ఇవ్వండి సార్" అన్నారు. అంటే బండిలో ఏ కొలత ఎంత పెట్టాలో రాసిన కాగితం. ఇవ్వను. ఆ షీట్లు కార్పెట్ మీద, నున్నటి తారు ట్రాక్ మీద తోలేవాళ్లు రాసుకున్నవి. మనం తోలేది బాస్కెట్‌బాల్ కోర్టు సిమెంటు మీద, కడప ఎండలో, దుమ్ములో. షీటుకు బదులు ఈ రాయి తెచ్చాను.

రెండడుగుల నల్లబండ. మా ఇంట్లో వంటగట్టుకు కోయించగా మిగిలిన ముక్క. ఊరు దాటితే దీన్నే కడప రాయి అంటారు, మనకు మాత్రం ఉత్త బండ. బండిని పెట్టి కొలవడానికి సెటప్ బోర్డు అని అమ్మే సమతలం పలకలకు డబ్బు పోయక్కర్లేదు. కానీ బండను గుడ్డిగా నమ్మొద్దు. స్టీలు స్కేలును దాని అంచు మీద బండపై నిలబెట్టి, కింద నుంచి వెలుతురు వస్తుందేమో చూడండి. తర్వాత మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, మూలల కింద అట్టముక్కలు దూర్చి సమం చేయండి.

ఇంత చాదస్తం నాకు ఎందుకొచ్చిందో చెప్తాను. కొన్నేళ్ల కింద బెంగళూరులో తోలడానికి పోయినా. ఎడమ మలుపు బాగా తిరుగుతుంది, కుడి మలుపులో తోక విసిరేస్తుంది. స్ప్రింగులు మార్చినా, కుదుపు ఆపే షాకుల్లో ఆయిల్ మార్చినా, క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వంగే కోణం, మార్చినా. రెండు గంటలు పోయాయి, టెన్షన్ మిగిలింది. పక్క టేబుల్ మీది కుర్రాడు నా బండిని గాజు పలక మీద పెట్టి, ముందు భాగం కింద సరిగ్గా నడిమధ్యలో స్క్రూడ్రైవర్ మొన పెట్టి మెల్లగా లేపాడు. ఎడమ చక్రం ముందే గాల్లోకి లేచింది, కుడిది నేలనే అంటుకుని ఉంది. అలైన్‌మెంట్ షెడ్డు ఓనర్ని. తలెత్తుకోలేకపోయినా.

ఇలా నాలుగు చక్రాల మీదా బరువు సమంగా పడకపోవడాన్ని ట్వీక్ అంటారు. ఒక కోడు పొట్టిదైన మంచం చూశారు కదా, బరువంతా ఎదురెదురు మూలల్లోని రెండు కోళ్ల మీదే పడి, మిగతా రెండూ ఊగుతుంటాయి. బండి అంతే. ముందు ఎడమ చక్రం తేలిగ్గా ఉందంటే వెనక కుడిది కూడా తేలికే. అందుకే ఒక వైపు మలుపు బాగుండి, రెండో వైపు చెడుతుంది. నా బండిలో తప్పు స్ప్రింగుది కాదు. పై పలక స్క్రూలు ఒక్కో వైపు వరసగా బిగించేశాను, చాసిస్, అంటే బండి అడుగు చట్రం, మెలిపడింది. స్క్రూలన్నీ వదులు చేసి, బండ మీద చాసిస్‌ను అరచేత్తో నొక్కిపట్టి, కారు చక్రం బోల్టుల్లాగా ఎదురెదురుగా బిగించాలి. అప్పటికీ తేడా ఉంటే తేలిగ్గా ఉన్న రెండు మూలల్లో స్ప్రింగును నొక్కిపట్టే కాలర్లను కొంచెం కొంచెం బిగించండి. యాంటీ రోల్ బార్లు, అంటే మలుపులో బండి ఒరగకుండా ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీలు, ఉంటే ముందే ఊడదీయండి, లేకుంటే అవి అబద్ధం చెప్తాయి.

ఇది కుదిరాకే మిగతా కొలతలు. నున్నటి ట్రాక్ మీద నేల నుంచి 5 మిల్లీమీటర్ల ఎత్తు పెడతారు. మన కోర్టు అతుకుల మీద అలా తోలితే అడుగు గీసుకుంటుంది, నేను 6 నుంచి 7 పెడతాను. క్యాంబర్ ఒకటిన్నర డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాత టైరునే అడగండి. లోపలి అంచు ఎక్కువ అరిగితే క్యాంబర్ ఎక్కువైనట్టు. టైరుకు దుమ్ము పట్టి ఉంటే మాత్రం ఏ కొలతా పనిచేయదు. చీపురు, తడిగుడ్డ తెచ్చుకోండి. ఊడ్చిన కోర్టులో తోలితే సగం సెటప్ అయిపోయినట్టే, నవ్వకండి.

ఇక గేర్లు. టామియా కంపెనీ టీటీ-02 కారు కిట్టులో మోటారుకు తగిలించే చిన్న గేరు, అంటే పినియన్, 22 పళ్లది, అది తిప్పే పెద్ద గేరు, అంటే స్పర్, 70 పళ్లది వస్తాయి. 70ని 22తో భాగించి, లోపలి నిష్పత్తి 2.6తో గుణిస్తే 8.27. అంటే మోటారు 8.27 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. అదే 20 పళ్ల పినియన్ అయితే 9.1. చివరి వేగం కొంచెం తగ్గుతుంది, మోటారు చల్లగా ఉంటుంది. గాలే 42 డిగ్రీలున్న రోజు నేను రెండోదే ఎంచుకుంటాను. పరుగు ముగియగానే థర్మామీటర్ గన్‌తో చూడండి, 80 డిగ్రీలు దాటుతుంటే పినియన్ తగ్గించండి. వేడి మితిమీరితే లోపలి అయస్కాంతం బలం పోతుంది, చల్లారినా పూర్తిగా తిరిగి రాదు. షాక్ ఆయిల్ కూడా ఎండకు పలచబడుతుంది. పొద్దున 400 ఆయిల్‌తో బాగున్న బండి మధ్యాహ్నం ఊగితే ఇంకా చిక్కటి 450 పోసి చూడండి. లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీని మాత్రం ఎండలో నిలిపిన కారులో వదిలి భోజనానికి పోవద్దు.

ఒకసారికి ఒక్కటే మార్చండి, నోటుబుక్కులో రాయండి, ఐదు రౌండ్లు తోలండి. నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో దేవుని కడప వెంకన్నకే తెలియాలి.

సరే, బండి తెచ్చినవాళ్లు ఒక్కొక్కరే బండ దగ్గరికి రండి. బ్యాటరీ బిగించి తీసుకురండి. అది లేకుండా కొలిస్తే ఇక్కడ సమంగా కనిపించిన బండి కోర్టులో దిగేసరికి ఒక పక్కకు ఒరుగుతుంది.