తెల్లబోయిన పెట్యూనియాలు: జన్యుమార్పిడి మొక్కల్లో గెంతే జన్యువులు ఏం చేస్తాయి?

[తెరపై: ఇటుక రంగు పెట్యూనియా పూలతో నిండిన మడి]

1990వ సంవత్సరం. జర్మనీలోని కొలోన్ నగరం. మొక్కల ప్రజననం మీద పనిచేసే అక్కడి మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు ఆరుబయట 30 వేలకు పైగా పెట్యూనియా మొక్కలు నాటారు. పెట్యూనియాకు సహజంగా ఈ ఇటుక రంగు రాదు. మొక్కజొన్న నుంచి ఏ1 అనే ఒక్క జన్యువును తెచ్చి పెట్టడం వల్ల వచ్చిన రంగు అది. గ్రీన్‌హౌస్‌లో పూలన్నీ ఒకే రంగులో పూశాయి.

మరి 30 వేల మొక్కలు ఎందుకు? ఆ రంగు జన్యువు ఒక ఎర. పెట్యూనియా డీఎన్ఏలో తిరిగే గెంతే జన్యువు ఏదైనా వచ్చి దాని మధ్యలో కూర్చుంటే రంగు పోతుంది, పువ్వు తెల్లబడుతుంది. అలాంటి పువ్వు వేలల్లో ఏ ఒకటో రెండో కనిపిస్తుందని, దాన్ని పట్టుకుంటే గెంతే జన్యువు చేతికి దొరుకుతుందని వాళ్ల ఆలోచన.

తీరా చూస్తే ఒకటీ రెండూ కాదు. సీజన్ మొదట్లో పూసిన పూలు చాలావరకు ఎర్రగానే ఉన్నాయి. రోజులు గడిచేకొద్దీ అవే మొక్కల మీద వెలిసిపోయిన పూలు, తెల్లటి పూలు విచ్చుకున్నాయి. ఏ1 జన్యువు ఎక్కడికీ పోలేదు, తెగిపోలేదు. ఉన్నచోటే ఉండి పనిచేయడం మానేసింది.

ఎందుకు మానేసిందో తెలియాలంటే ముందు గెంతే జన్యువుల సంగతి చూడాలి.

[తెరపై: ఊదా చుక్కలున్న మొక్కజొన్న పొత్తు, దగ్గరగా]

ఈ పొత్తులో ఒక గింజను చూడండి. లేత పసుపు మీద ఊదా చుక్కలు. అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధన కేంద్రంలో జన్యుశాస్త్రవేత్త బార్బరా మెక్లింటాక్ 1940లలో ఇలాంటి గింజలనే ఏళ్ల తరబడి పరీక్షించారు. ఊదా రంగు ఇచ్చే జన్యువులోకి ఒక డీఎన్ఏ ముక్క వచ్చి కూర్చుంది, అందుకే గింజకు రంగు లేదు. గింజ పెరుగుతుండగా కొన్ని కణాల్లో ఆ ముక్క లేచి వెళ్లిపోయింది. ఆ కణాలకూ వాటి పిల్లకణాలకూ రంగు తిరిగొచ్చింది. ముందే లేచి వెళ్తే పెద్ద మచ్చ, ఆలస్యంగా వెళ్తే చిన్న చుక్క. అంటే డీఎన్ఏలో ఎప్పుడు ఏం జరిగిందో గింజ మీదే రాసి ఉంది! దాన్ని కంటితో చదివారామె. 1950లో ప్రచురించారు. నోబెల్ వచ్చింది 1983లో, ఆమెకు 81 ఏళ్ల వయసులో. ఈ ఆలస్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

గెంతే జన్యువులు ముఖ్యంగా రెండు రకాలు. ఒక రకం ఉన్నచోటి నుంచి ఊడి ఇంకోచోట అతుక్కుంటుంది. రెండో రకం తను కదలదు, తన నకలు తీయించి దాన్ని వేరేచోట చేరుస్తుంది. ఈ రెండో రకం వల్లే డీఎన్ఏ ఉబ్బిపోతుంది. మొక్కజొన్న డీఎన్ఏలో దాదాపు 85 శాతం ఇలాంటి గెంతే జన్యువులూ వాటి శిథిలాలే. పత్తిలో మూడింట రెండొంతుల దాకా ఉంటాయి.

అవన్నీ ఒకేసారి గెంతితే మొక్క బతకదు. కాబట్టి మొక్క వాటి నోరు కట్టేస్తుంది. డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు వేస్తుంది. తాళం కప్ప లాంటివి అనుకోండి. గుర్తు పడిన చోట జన్యువు చదవబడదు. డీఎన్ఏ అక్షరాలు మాత్రం ఒక్కటీ మారవు.

[తెరపై: డీఎన్ఏ పోగు; ఒక ముక్క మీద వరుసగా ఎర్ర చుక్కలు పడుతుంటాయి]

ఇప్పుడు కొలోన్ పొలానికి తిరిగొద్దాం. ఏ1 జన్యువును నడిపించడానికి దాని ముందు ఒక స్విచ్ పెట్టారు. కాలీఫ్లవర్‌కు సోకే ఒక వైరస్ నుంచి తీసిన స్విచ్ అది. తెల్లబడిన పూల డీఎన్ఏను పరీక్షిస్తే సరిగ్గా ఆ స్విచ్ మీదే మిథైల్ గుర్తులు పడి ఉన్నాయి. గెంతే జన్యువులకు వేసే తాళాన్నే మొక్క మనం పెట్టిన జన్యువుకూ వేసింది. బయటి వాతావరణం, మొక్క వయసు, రెండూ దీనిమీద ప్రభావం చూపాయని 1992లో ఆ బృందం రాసింది. గ్రీన్‌హౌస్‌లో బయటపడనిది పొలంలో బయటపడింది. పొలం పరీక్షలు ఎందుకని అడిగేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ పెట్యూనియాల గురించే.

ఇక్కడ ఒక భయం గురించి కూడా చెప్పాలి. పెట్టిన జన్యువు తనే గెంతుకుంటూ పోతుందేమోనని చాలామందికి అనుమానం. గెంతడానికి చివర్లలో ప్రత్యేకమైన కొసలుండాలి, కత్తిరించి అతికించే ఎంజైమూ కావాలి. మామూలుగా పెట్టే జన్యువుకు అవి ఉండవు. అసలు చూడాల్సింది వేరే ఉంది. జన్యువును పెట్టే పనిలో మొక్కలో అప్పటికే ఉన్న గెంతే జన్యువులు నిద్ర లేస్తాయా?

లేస్తాయి. వరిలో అది స్పష్టంగా కనిపించింది.

[తెరపై: గాజు పళ్లెంలో పసుపుపచ్చటి కణాల ముద్ద]

జన్యువు పెట్టాలంటే చాలా పంటల్లో టిష్యూ కల్చర్ దాటాలి. గింజ నుంచో కాండం నుంచో తీసిన కణాలను గాజు పళ్లెంలో ముద్దగా పెంచుతారు. ఆ ముద్దను కాలస్ అంటారు. అందులోంచి మళ్లీ మొక్కను మొలిపిస్తారు. కణానికి ఇది మామూలు టెన్షన్ కాదు. ఆకో వేరో అన్న గుర్తింపు పోతుంది, పాత తాళాలు కొన్ని ఊడిపోతాయి. జపాన్ శాస్త్రవేత్త హిరోహికో హిరోచికా బృందం 1996లో దీన్ని చూపించింది. నిప్పొన్‌బరే అనే వరి రకంలో టాస్17 అనే గెంతే జన్యువు మామూలుగా రెండే చోట్ల ఉంటుంది. కాలస్ దశలో అది లేచి నకళ్లు తీసుకుంది. తిరిగి మొలిచిన మొక్కల్లో 5 నుంచి 30 దాకా కొత్త చోట్ల కనిపించింది. కాలస్‌ను ఎంత ఎక్కువకాలం ఉంచితే అన్ని ఎక్కువ నకళ్లు. మొక్క మొలిచాక మళ్లీ నోరు మూసుకుంది. కొత్తచోట్ల చేరిన నకళ్లు మాత్రం అక్కడే ఉండిపోయి తరతరాలకూ వెళ్తాయి.

గమనించండి, ఇందులో బయటి జన్యువు ఏదీ లేదు. టిష్యూ కల్చర్ ఒక్కటే చాలింది. అందుకే ఈ మార్పులన్నిటినీ పెట్టిన జన్యువు ఖాతాలో వేయడం తప్పని నా అభిప్రాయం. అలాగని అసలు మార్పులే ఉండవనడమూ తప్పే. మన సాంబ మసూరిని జన్యు సవరణతో మార్చి హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ తయారుచేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100ను 2025లో ప్రకటించారు. అందులో బయటి జన్యువు మిగలదు. కానీ వరిలో ఇలాంటి సవరణలకు కూడా దారి కాలస్ మీదుగానే.

ఆయిల్ పామ్ కథ దీనికంటే చిత్రం. మన గోదావరి జిల్లాల్లో, ఖమ్మం వైపు ఈ తోటలు తెలియనివాళ్లుండరు. మలేషియాలో బాగా కాసే చెట్ల నుంచి టిష్యూ కల్చర్‌తో మొక్కలు పెంచితే, కొన్ని చెట్లు ఏళ్ల తర్వాత కాపుకొచ్చాక వికారమైన కాయలు కాశాయి. నూనె రాలేదు. ఆకులు చూస్తే ఏ తేడా లేదు, కాబట్టి ముందుగా తెలిసే దారే లేకపోయింది. 2015లో కారణం దొరికింది. పూల ఆకృతిని నిర్ణయించే ఒక జన్యువు లోపల కర్మ అనే గెంతే జన్యువు ఎప్పటినుంచో కూర్చుని ఉంది. అవును, దాని పేరే కర్మ. టిష్యూ కల్చర్‌లో దాని మీది మిథైల్ తాళం ఊడిపోయింది. అది గెంతలేదు. తాళం ఊడటమే సరిపోయింది, తనున్న జన్యువు పని చెడిపోవడానికి. ఈ పరిశోధనలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ వాళ్లూ ఉన్నారు. మెక్లింటాక్ మొక్కజొన్న పెంచిన చోటే అది.

[తెరపై: పత్తి చేను]

మరి మన చేలల్లో ఉన్న బీటీ పత్తి? 2002లో అనుమతి వచ్చిన తొలి బీటీ జన్యువును ముందుగా కోకర్ 312 అనే అమెరికన్ రకంలో పెట్టారు, అది టిష్యూ కల్చర్‌లో సులువుగా మొలుస్తుంది కాబట్టి. ఆ మొక్కను తర్వాత ఇక్కడి తల్లి రకాలతో తరం తర్వాత తరం తిరిగి సంకరం చేశారు. ప్రతి తరంలో బీటీ జన్యువును ఉంచుకుంటూ కోకర్ డీఎన్ఏను తగ్గించుకుంటూ పోతారు. టిష్యూ కల్చర్‌లో వచ్చిన మార్పులు బీటీ జన్యువుకు దూరంగా ఉంటే ఇలా చాలావరకు పోతాయి. దాని పక్కనే అంటుకుని ఉన్నవి మాత్రం దానితోపాటే వస్తాయి. అందుకే జన్యువు ఎక్కడ చేరింది, పక్కన ఏముంది, తరాలు మారినా పనిచేస్తోందా అని చూడకుండా వదలకూడదు.

[తెరపై: రైల్వే స్టేషన్ బయట నారింజ రంగు పూల కుండీ]

పెట్యూనియా కథ ఇంకాస్త ఉంది. 2015లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త టీము టీరి, హెల్సింకి రైల్వే స్టేషన్ దగ్గర కుండీల్లో నారింజ రంగు పెట్యూనియాలు చూశారు. ఆ రంగు ఆయనకు అనుమానం కలిగించింది. పరీక్షిస్తే మొక్కజొన్న ఏ1 జన్యువు బయటపడింది. జన్యుమార్పిడి మొక్కలని ఎవరికీ తెలియకుండానే అవి దుకాణాల్లో అమ్ముడవుతున్నాయి. 2017లో ఫిన్లాండ్, ఆ తర్వాత అమెరికా, వాటిని మార్కెట్ నుంచి తీసేయించాయి.

కొలోన్‌లో వెలిసిపోయిన ఆ రంగు ఇక్కడ నిలబడింది. 1990లలోనే ప్రజననకారులు కొలోన్ మొక్కలను మంచి తోట రకాలతో సంకరం చేసి, ప్రతిసారీ రంగు వెలవని మొక్కలనే ఏరుకుంటూ వచ్చారు. జన్యువు అదే. దాని మీద తాళం పడని మొక్కలను మనుషులు ఏరిపెట్టారు.