పక్క ఫ్లాట్‌లో పదకొండు మంది ఉంటే ఎవర్ని అడగాలి?

నమస్తే అండి. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మధురానగర్, కూకట్‌పల్లి వైపు అద్దెకుండేవాళ్లకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. పక్కన డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్‌లో ముందు నలుగురు కుర్రాళ్లు దిగుతారు. నెల తిరిగేసరికి గుమ్మం ముందు చెప్పులు మెట్ల దాకా వచ్చేస్తాయి. పొద్దున ఏడింటికి కుళాయి తిప్పితే బుస్సుమని గాలి. ఆ వెంటనే ట్యాంకర్ డబ్బులు పంపమని సెక్రటరీగారి మెసేజ్.

అప్పుడు మనమందరం ఆ కుర్రాళ్ల మీద పడతాం. నా మాట వినండి, ముందు వాళ్ల ఓనర్‌ని పట్టుకోండి. లెక్క రాసిన కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ఆ లెక్క ఏంటో చెప్తాను. నగరాల్లో నీళ్లు మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున చూస్తారు. 2021 జనవరిలో మన హైదరాబాద్‌లో ఉచిత నీళ్ల పథకం వచ్చింది కదా, అందులో ఫ్లాట్‌కి నెలకి 20,000 లీటర్లు ఉచితం. లోపల ఇద్దరున్నా, డజను మంది ఉన్నా అంతే. రోజుకి చూస్తే 666 లీటర్లు, అంటే ఐదుగురికి సరిపడా. పదకొండు మందికి 1,485 కావాలి. ఆ ఉచిత వాటా కంటే రోజూ 800 పైచిలుకు ఎక్కువ. నెలకి 24,000 దాటుతుంది, అదంతా ట్యాంకర్లతో తెప్పిస్తే 5,000 లీటర్లవి దాదాపు ఐదు. ఆ బిల్లేమో ఫ్లాట్ల లెక్కన సమానంగా పంచుతారు. మా మూడో అంతస్తులో పెద్దవాళ్లు ఇద్దరే ఉంటారు. బకెట్ నీళ్లతో స్నానం, ఉతికిన నీళ్లతో బాల్కనీ కడుక్కోవడం. వాళ్లు కట్టేదీ, ఆ పదకొండు మంది ఫ్లాట్ కట్టేదీ ఒకటే. ఇది నాకు అస్సలు మింగుడుపడలేదు.

అందుకే ఆ పదకొండు మంది తలుపు కొట్టాను. హాల్లో గోడవారగా చుట్టిపెట్టిన పరుపులు. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇండక్షన్ స్టవ్, రైస్ కుక్కర్, రెండు ల్యాప్‌టాప్‌లు. వైరు ముట్టుకుంటే వెచ్చగా ఉంది. నైట్ షిఫ్ట్ నుంచొచ్చినబ్బాయి లోపల పడుకున్నాడు, అతను లేచాక ఆ పరుపు ఇంకొకరిది. శ్రీకాకుళం అబ్బాయి ఒకడు మెల్లగా చెప్పాడు: "అక్కా, మనిషికి 4,500 ఇస్తన్నాం. కొత్తోళ్లని ఓనర్ మనిషే తెచ్చి దింపుతన్నాడు. వద్దంటే నువ్వే ఖాళీ చెయ్యి అంటాడు."

లెక్కేయండి. నెలకి 49,500. అదే ఫ్లాట్ ఫ్యామిలీకి ఇస్తే మా వీధిలో 22,000 దాటదు. దీన్ని ఇల్లు అద్దెకివ్వడం అనరండీ, హాస్టల్ నడపడం అంటారు. హాస్టల్‌కి మున్సిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ కావాలి. లాభం ఆయనకి, ట్యాంకర్ ఖర్చు మనకి, తిట్లు ఆ పిల్లలకి.

మరి ఎలా అడగాలి? అసోసియేషన్ ఉంటే తీర్మానం పెట్టించండి: లిఫ్టు, వాచ్‌మన్ జీతం, కామన్ కరెంటు ఎప్పట్లాగే ఫ్లాట్ లెక్కన, ట్యాంకర్ ఖర్చు మాత్రం మనుషుల లెక్కన. అద్దెకున్నవాళ్లకి మీటింగ్‌లో ఓటు ఉండదు కాబట్టి మీ ఓనర్ చేత మాట్లాడించండి. "సార్, నీళ్లు ఇలాగే ఉంటే మేం ఖాళీ చేస్తాం" అంటే ఆయనే కదులుతారు. అమీర్‌పేటలో చాలాచోట్ల బిల్డింగ్ మొత్తానికి ఒక్కరే ఓనర్, అసోసియేషన్ ఉండదు. అలాంటిచోట ఒక్కరే వెళ్లకండి. అద్దె కట్టే రోజున నాలుగిళ్లవాళ్లు కలిసి వెళ్లండి.

కుర్రాళ్లతో మాట్లాడాల్సినవీ ఉన్నాయి. రాత్రి పదింటి తర్వాత స్పీకర్, మెట్లకి అడ్డంగా బైకులు, ఆ వైర్లు, లిఫ్టులో ఎక్కేవాళ్ల సంఖ్య. ఆరుగురి లిఫ్టు అంటే మొత్తం 408 కిలోలు, బ్యాగులతో కలిపి. ఇవి నేరుగా, మర్యాదగా చెబితే చాలావరకు వింటారు. 100కి ఫోన్ చెయ్యడం చివరి మాట. ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లాడికి పోలీస్ స్టేషన్ అంటే ఎంత భయమో ఆలోచించండి.

ఇంకోటి, వాల్వ్ కట్టేసి నీళ్లాపడం, వాచ్‌మన్ చేత సామాను బయట పెట్టించడం, వాళ్లు వండుకునేదాని గురించీ కులం గురించీ మాట్లాడటం, ఇవన్నీ చూశాను. దయచేసి చెయ్యకండి. నెలనెలా అద్దె కట్టేవాళ్లని ఖాళీ చేయించాలన్నా, అగ్రిమెంట్‌లో వేరే షరతు లేకపోతే 15 రోజుల నోటీసు ఇవ్వాలని చట్టం.

మా దగ్గర మనుషుల లెక్క పెట్టాక ఆ ఓనర్ వాటాకి నాలుగు ట్యాంకర్ల బిల్లు వచ్చింది. మర్నెల నుంచి కొత్తవాళ్లని దింపడం ఆపేశాడు. ఉన్నవాళ్లని మాత్రం పంపొద్దని మేమే అడిగాం.

మీరూ ఈ మాట ఎత్తాలనుకుంటే సంక్రాంతి అయ్యాక ఎత్తండి. మార్చి దాటి బోర్లు ఎండటం మొదలైతే మీటింగ్‌లో ఎవరూ ఎవరి మాటా వినరు.