వేలు చూపేది అడగడానికేనా?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాదే గాని, చంటిపిల్లలతో వచ్చిన తల్లులు ఎంతసేపు కూర్చోగలరో అంగన్‌వాడీలలో 30 ఏళ్లు పనిచేసిన నాకు తెలుసు కనుక, నేరుగా విషయానికి వస్తున్నాను.

అడగందే అమ్మైనా పెట్టదని అంటాం. మాటలు రాని బిడ్డ చూపుతో, వేలితో, కొంగు పట్టి లాగడంతో రోజంతా అడుగుతూనే ఉంటుంది. అయితే వేలు చూపిన ప్రతిసారీ ఏదో అడుగుతోందనే అనుకుంటాం. ఆ పొరపాటు నేనూ చేశాను.

మా మనవడికి 14 నెలలప్పుడు, తిరుపతిలో మా మేడ మీద, చీకటి పడే వేళ, వాడు పిట్టగోడ వైపు వేలు చూపి "ఉఁ, ఉఁ" అనసాగాడు. నీళ్లిచ్చాను, తోసేశాడు. బిస్కెట్టు ఇచ్చాను, విసిరేశాడు. బంతి, చివరకు నా కళ్లజోడు కూడా ఇచ్చాను, ఏడుపు పెరిగింది. వీడింత మొండివాడేమిటని విసుక్కుంటూ, మోకాళ్ల నొప్పికి తాళలేక వాడి పక్కనే చతికిలబడ్డాను. అప్పుడు కనిపించింది. గోడకు విడిచిన కంతలో నుంచి, సరిగ్గా వాడి కంటి ఎత్తున, తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సుల దీపాలు మెల్లగా పాకుతున్నాయి. "అదిగో బస్సు" అనగానే నా ముఖం చూశాడు, మళ్లీ కొండను చూశాడు, ఏడుపు మానేశాడు. వాడు చూసినది అవ్వ కూడా చూడాలట!

పిల్లలకు మాటలెలా వస్తాయో పరిశోధించిన ఎలిజబెత్ బేట్స్, ఆమె సహచరులు ఇటలీ పిల్లలను గమనించి, అడిగే వేలు వేరు, చూపించే వేలు వేరని 1975లోనే వివరించారు. నాకు మాత్రం మోకాళ్లు నేర్పాయి.

మూడో వరుసలోని పచ్చచీర అమ్మా, పాప ఇందాకటి నుంచి ఫ్యానును చూపుతోంది. చేతికి సెల్‌ఫోను ఇవ్వకుండా ఒక్కసారి పైకి చూసి, దాని పేరు చెప్పండి.

ఇక నా బాధ. ఏడాది నిండినా వేలు చూపడం, టాటా చెప్పడం వంటివి ఏవీ లేకపోతే, 16 నెలలకు ఒక్క మాటా రాకపోతే, వినికిడి పరీక్ష చేయించి పిల్లల వైద్యునికి చూపించాలి. ఇంట్లోవాళ్లేమో "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే, ఆగండి" అంటారు. అలా ఆగి ఆగి, బిడ్డకు చెవుడని నాలుగేళ్లకు తెలుసుకున్న ఇల్లు చంద్రగిరి దగ్గరి పల్లెలో ఒకటుంది. ఆ బిడ్డ బరువు నెలనెలా రాసినది నేనే. వేలు చూపుతోందా అని రాసుకునే గడి నా పుస్తకంలో లేదు, నేనూ అడగలేదు.

సభ ముగిశాక గుమ్మం దగ్గరే కూర్చుంటాను. సందేహమున్నవారు బిడ్డతో రండి. వీలైతే అత్తగారినీ వెంటబెట్టుకు రండి, ఆగమని చెప్పేది ఎక్కువగా ఆవిడే గనుక.